చియాపాస్ కొండల్లో బండి నడిచే రోజు, నడవని రోజు

కాన్‌కూన్ బీచ్ చూసొచ్చిన తెలుగువాళ్లకు లెక్కలేదు. అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు కనుక, లాంగ్ వీకెండ్ వస్తే డాలస్ నుంచీ హ్యూస్టన్ నుంచీ గుంపులుగా ఎక్కేస్తారు. అదే దేశంలో గ్వాటెమాలాను ఆనుకుని చియాపాస్ రాష్ట్రం ఉంది. అక్కడి కొండపల్లెల్లో కాల్పులు, దారికాపులు, రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ చేయడాలు. వీటి మధ్య కాపురాలు చేసుకునేవాళ్లు మనసు చెదరకుండా ఏం చేసుకుంటున్నారో చూడాలని వెళ్లాను. వైద్యం గురించి ఎవరిని కదిపినా మాట చివరికి రోడ్డు దగ్గరికే వచ్చింది. బండి నడిచిందా, ఎవరైనా రాగలిగారా, మందు అందిందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

చియాపాస్ రాజధాని తుస్త్‌లా ఎయిర్‌పోర్టులో ట్యాక్సీవాళ్లు కొండ మీది శాన్ క్రిస్తోబల్ పట్నానికి వెయ్యి పెసోల దాకా అడిగారు. మన లెక్కన నాలుగున్నర వేల పైమాటే. ఆ ధరకు ఒప్పుకోవద్దు. ఊళ్లోకి వెళ్లి కొలెక్తీవో ఎక్కితే అందులో చిన్న వంతే అవుతుంది. కొలెక్తీవో అంటే పదిహేనుమంది దాకా పట్టే వ్యాను. టైమంటూ ఉండదు, నిండితే కదులుతుంది. 500 మీటర్ల ఎత్తులో ఉక్కపోతలో ఎక్కినవాళ్లం గంటకల్లా 2,100 మీటర్ల దగ్గర చలిలో దిగుతాం. స్వెట్టర్ పెట్టెలో కాకుండా చేతిలో ఉండాలి. శాన్ క్రిస్తోబల్ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తాను.

అక్తెయాల్ అనేది చెనాల్హో మునిసిపాలిటీలో ఒక పల్లె, 1997 హత్యాకాండలో పోయినవాళ్ల కోసం అక్కడ నెలనెలా ప్రార్థన చేస్తారు. వెళ్లాలంటే 22వ తేదీన వెళ్లాలి. ఏ నెలైనా ఫర్వాలేదు. శాన్ క్రిస్తోబల్ మార్కెట్ పక్క వీధుల్లోంచి చెనాల్హో వైపు బళ్లు బయల్దేరతాయి. తెల్లారకముందే వెళ్తే తప్ప ముందు సీటు దొరకదు, వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. దారంతా మలుపుల మీద మలుపులు. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్లో కొవ్వొత్తుల కట్ట, తెల్లపూల గుత్తి, కాళ్ల దగ్గర తోర్తియాల (మొక్కజొన్న రొట్టెల) మూట. డ్రైవర్ ఫోన్లో డ్రైవర్ల గ్రూపు వాయిస్ మెసేజ్‌లు ఆగకుండా మోగుతున్నాయి. ఎదురొచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తి దారి ఎలా ఉందని అడుగుతున్నాడు. అవతలివాడు వేలు ముందుకు చూపిస్తే ఫర్వాలేదు. చెయ్యి అడ్డంగా ఊపితే ముందెవరో ఆపుతున్నారని.

ఒక మలుపు తిరగ్గానే అలాంటి సైగే వచ్చింది. ఆ తర్వాత బండిలో జరిగిందంతా ఎప్పటినుంచో అలవాటైన పనిలా జరిగింది. డ్రైవర్ వేగం తగ్గించి, రెండు ఇండికేటర్లూ వేసి, అద్దాలు దింపాడు. రాత్రయితే లోపలి లైటు కూడా వేస్తారు, లోపల ఎవరున్నారో బయటివాళ్లకు కనిపించాలి. ఫోన్లు సంచుల్లోకి వెళ్లిపోయాయి. మాటలు ఆగిపోయాయి. వెనక సీట్లో ఉన్న ఆరేడేళ్ల పిల్లాడు ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి, మొహం కనిపించేలా తలెత్తి కూర్చున్నాడు. తీరా చూస్తే ఊరివాళ్లే రోడ్డుకడ్డంగా తాడు కట్టి, గుంతలు పూడ్చడానికి బండికి ఇరవై పెసోలు వసూలు చేస్తున్నారు. డ్రైవర్ నాణేలు ఇచ్చాడు, తాడు దిగింది, అందరి భుజాలూ ఒక్కసారి కిందికి వాలాయి. పిల్లాడు మాత్రం చాలాసేపటిదాకా టోపీ పెట్టుకోలేదు. ఈ ప్రాంతంలో పిల్లల కడుపునొప్పి, పక్క తడపడం, బడికి పోనని మారాం చేయడం లాంటివి చూసే డాక్టర్లు ముందు అడగాల్సింది బడికెళ్లే దారి గురించే.

అక్తెయాల్‌లో బండి దిగగానే రోడ్డు పక్కనే ఎత్తైన స్తంభం కనిపిస్తుంది. మెలికలు తిరిగిన మానవదేహాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. డెన్మార్క్ శిల్పి యెన్స్ గాల్షియోట్ చేసినది. అక్కణ్నుంచి మెట్లు లోయలోకి దిగుతాయి. 1997 డిసెంబర్ 22న పక్క పల్లెల నుంచి పారిపోయొచ్చి ఇక్కడ తలదాచుకున్న త్సోత్సిల్ ఆదివాసులు చెక్కలతో కట్టిన చిన్న చర్చిలో శాంతి కోసం ఉపవాస ప్రార్థన చేస్తున్నారు. అదే మునిసిపాలిటీకి చెందిన సాయుధ ముఠా గంటల తరబడి కాల్పులు జరిపి 45 మందిని చంపింది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. నలుగురు గర్భిణులు. చనిపోయినవాళ్లు లాస్ అబేహాస్ సంఘంవాళ్లు. 1992లో పుట్టిన ఈ సంఘం ఆయుధం పట్టనని ఒట్టు పెట్టుకున్నది. సపతిస్తాల (చియాపాస్‌లో ఆయుధాలు పట్టి తిరగబడ్డ ఆదివాసీ ఉద్యమంవాళ్ల) డిమాండ్లు న్యాయమైనవే, తుపాకీ మాత్రం వద్దు అన్నది వాళ్ల మాట.

ఆనాటి నుంచి ప్రతి నెలా 22న ఇక్కడ ప్రార్థన జరుగుతుంది. చనిపోయినవాళ్లను పాతిపెట్టిన చోటి మీదే కట్టిన హాలు, నేల నిండా పచ్చి పైన్ ఆకులు, కోపాల్ సాంబ్రాణి పొగ. త్సోత్సిల్ భాషలో పూజ, పాట, ఆపైన ఆ నెల ప్రకటన చదవడం. కాగితం మీదున్నది అందరికీ వినిపించేలా ఒకరు మైకులో చదువుతారు. చనిపోయినవాళ్ల గురించి, ఆ నెలలో ఏ ఊళ్లో ఎవర్ని తరిమేశారు, ఎవరిని అరెస్టు చేశారు, ఏ కేసు ఎక్కడ ఆగింది అన్నీ ఉంటాయి. తర్వాత అందరూ కలిసి బీన్స్, తోర్తియాలు తిని కాఫీ తాగుతారు.

ఇలా నెలనెలా తవ్వుకుంటే పుండు మానుతుందా అని బయటివాళ్లు అడుగుతుంటారు. నాకు మాత్రం ఆ పద్ధతిలో గట్టి తెలివి కనిపించింది. దారుణం చూసినవాళ్లకు జ్ఞాపకం చెప్పాపెట్టకుండా వస్తుంది. టపాకాయ పేలినా, కుక్క మొరిగినా, తడిసిన కట్టెపొగ వాసన తగిలినా వస్తుంది. అక్తెయాల్ దానికొక తేదీ, ఒక చోటు, నలుగురి తోడు ఏర్పాటు చేసింది. ఆరోజు ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్లుండరు, ఏడవకపోయినా అడగరు. ఆ తర్వాత పుట్టినవాళ్లు కోరస్‌లో పాడుతున్నారు. వాళ్లకు ఆ రోజు నిద్రలో కలవరించే అమ్మ నోటి నుంచి ముక్కలు ముక్కలుగా కాక, మొదలూ చివరా ఉన్న కథగా అందింది.

అయినా కుదుటపడనిది ఒకటుంది. శిక్షలు పడినవాళ్లలో చాలామందిని 2009 నుంచి సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. నిర్దోషులని తేలి కాదు, విచారణ సరిగ్గా జరగలేదని. అలా బయటికొచ్చినవాళ్లు చెనాల్హో సంతలో, బండి దారిలో ఎదురుపడుతుంటారు. 2020లో ప్రభుత్వం బాధ్యత ఒప్పుకుని బాధితుల్లో ఒక వర్గంతో రాజీ ఒప్పందం చేసుకుంటే, లాస్ అబేహాస్ సంతకం పెట్టలేదు. వాళ్లకు కావాల్సింది ఎవరు చేయించారో తేలడం. కౌన్సెలింగ్ గదిలో ఎంత ఊపిరి సాధన చేయించినా, సంతలో ఎదురుపడే మనిషి మారడు. అందుకే వాళ్లు ఒంటరిగా సంతకు పోరు. కాఫీ కోతకూ అంతే. హత్యల తర్వాత ఊళ్లు విడిచినవాళ్లు సొంత తోటల్లోకి పోలేక పంట పోగొట్టుకున్నారు. 1999లో సంఘంవాళ్లే మాయా వినిక్ అనే కాఫీ సహకార సంఘం పెట్టుకున్నారు. గింజ అమ్ముడుపోవడం సరే, తోటకు నలుగురు కలిసి వెళ్లడానికి అదొక కారణం కూడా అయింది.

త్సోత్సిల్ ఊరు చాములాలో గుడి (చర్చే) లోపలే నేల మీద కూర్చోబెట్టి వైద్యం చేస్తారు. అక్కడికి శాన్ క్రిస్తోబల్ నుంచి టూర్ వ్యానులు బారులు తీరతాయి. ఎక్కొద్దు. గైడ్లు వైద్యం జరుగుతున్న మనిషి నెత్తిమీద నిలబడి గట్టిగా వివరిస్తుంటే చూడలేకపోయాను. మామూలు బండిలో వెళ్లి, గుడి టికెట్ కొని, ఓ మూల నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఫొటో తీయడం నిషేధం, అక్కడివాళ్లు దీన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు. లోపల బెంచీలు ఉండవు. నేలంతా పైన్ ఆకులు, వాటి మధ్య చోటు చేసుకుని కుటుంబాలు కూర్చుంటాయి.

ఇలోల్ అంటే వైద్యుడు, చాలాసార్లు వైద్యురాలు. ఆమె చేసే మొదటి పని మణికట్టు పట్టి నాడి చూడటం. పట్టుకున్న వేళ్లు తీయకుండానే ప్రశ్నలు అడుగుతుంది: ఎక్కడ పడ్డావు, ఏ వాగు దగ్గర, ఎవరు అరిచారు, ఏ తుపాకీ మోత విన్నావు. గట్టిగా భయపడితే ఆత్మలో ఒక భాగం ఆ చోటే ఉండిపోతుందని నమ్మకం. పక్కనున్న సినకంతాన్‌లో ఆత్మకు పదమూడు భాగాలంటారు. కొన్ని జారిపోతే మనిషి తిండి మానేస్తాడు, నిద్రపట్టదు, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. చికిత్సకు కావాల్సిన కొవ్వొత్తులు ఎన్ని, ఏ సైజువి అన్నది నాడి చూశాకే చెబుతుంది. వాటి అడుగు కరిగించి వరుసలుగా నేలకు అతికిస్తారు. పోష్ అనే సారా చిలకరిస్తారు, కోలా సీసాలు పెడతారు, కోడిని రోగి ఒంటి మీదుగా తిప్పుతారు. ఆత్మ ఉండిపోయిన చోటుకే వెళ్లి పేరుపెట్టి పిలిచి తీసుకురావడమూ ఉంది. దడుచుకున్న పిల్లకు మన ఊళ్లో తాయెత్తు కట్టించిన అమ్మమ్మకు ఇదేమీ వింతగా అనిపించదు.

వైద్యపరంగా చూస్తే ఇందులో పనిచేసేవి చాలానే ఉన్నాయి. భయపడ్డ సంగతిని చోటూ క్షణమూ సహా చెప్పిస్తారు. కుటుంబమంతా చుట్టూ కూర్చుని వింటుంది. తప్పు మనిషిది కాదు, జారిపోయింది ఆత్మ అంటారు కాబట్టి నింద ఉండదు. బెడిసికొట్టే చోట్లూ ఉన్నాయి. భయపడిన చోటు ఇప్పుడు సాయుధుల చేతిలో ఉంటే అక్కడికి వెళ్లి పిలిచే వీలుండదు, వైద్యం సగంలో ఆగుతుంది. మూర్ఛ, లేని మాటలు వినపడే జబ్బు కొవ్వొత్తులకు తగ్గవు, ఆలస్యమైన కొద్దీ ముదురుతాయి. ఖర్చు కూడా తక్కువేం కాదు. కొవ్వొత్తులు, కోడి, పోష్, సీసాలు కలిపితే కూలి డబ్బులు చాలా రోజులవి ఐపోతాయి. ఇక పోష్ సంగతి. భయం తీసే పూజలో ఉన్న సారాయే ఇంట్లో దెబ్బలకు కారణమవుతోంది. ఆడవాళ్లు దీనికి తమదైన దారులు వెతుక్కున్నారు. సపతిస్తా ఊళ్లలో మద్య నిషేధం ఆడవాళ్లు పట్టుబట్టి నిలబెట్టుకున్నదే. చాములాలో ఎందరో ఎవాంజెలికల్ క్రైస్తవంలోకి మారి, అందుకు ఊరి నుంచి వెలివేతకు గురై శాన్ క్రిస్తోబల్ అంచున కాలనీలు కట్టుకున్నారు. మొగుడు తాగుడు మానేశాడన్నదే అందులో చాలామంది ఆడవాళ్లు చెప్పే కారణం.

ఇక హల్తెనాంగో. తుస్త్‌లా నుంచి వియాఫ్లోరెస్ మీదుగా సియెర్రా మాద్రె కొండల్లోకి సగం పూట ప్రయాణం. వ్యానులో పాట ఆపమంటే డ్రైవర్ మరింత పెంచుతాడు. ఈ ఊరు కేంద్రంగా 2011 నుంచి కొంపన్యేరోస్ ఎన్ సాలుద్ అనే సంస్థ రాష్ట్ర ఆరోగ్యశాఖతో కలిసి కాఫీ పల్లెల క్లినిక్కులు నడిపిస్తోంది. క్లినిక్కుల్లో ఉండేది పసాంతేలు, అంటే చదువు చివర తప్పనిసరి సర్వీసు ఏడాది చేస్తున్న కుర్ర డాక్టర్లు. వాళ్ల మంచితనానికి వంక పెట్టలేం. కానీ ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతారు. అన్నను చంపిన రాత్రి గురించి ఒకావిడ ఒక డాక్టరుకు నోరు విప్పడానికే ఎనిమిది నెలలు పడుతుంది, తర్వాత వచ్చినవాళ్లకు మళ్లీ మొదటినుంచి చెప్పాలి. అందుకే ఇక్కడ మనోవైద్యం బరువంతా ఊరి ఆడవాళ్ల మీద ఉంది. శిక్షణ తీసుకున్న కార్యకర్తలు వాళ్లు, అదే ఊళ్లో పుట్టి అక్కడే ఉండేవాళ్లు.

క్లినిక్కులో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ వేస్తారు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ కనీసం మధ్యస్థాయిలో ఉందని లెక్క. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనిపిస్తోందా అన్నది, దానికి ఔనంటే మిగతా లెక్క పక్కన పెట్టి ఆరోజే డాక్టరు చూడాలి. ప్రమాదం లేనివాళ్లకు కార్యకర్త ఇంటికే వెళ్లి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ పద్ధతి చేయిస్తుంది. వారానికొకసారి తొంభై నిమిషాలు, ఐదు వారాలు. మొదటివారం కడుపుతో మెల్లగా ఊపిరి తీయడం. రెండో వారం సమస్యల్ని మన చేతిలో ఉన్నవీ లేనివీ అని విడదీసి, చేతిలో ఉన్న ఒక్కదాన్ని పట్టుకోవడం. మూడోవారం మానేసిన పనుల్లో ఒక చిన్నదాన్ని మళ్లీ మొదలుపెట్టడం. నాలుగోవారం ఎవర్ని సాయం అడగొచ్చో తేల్చుకోవడం. ఐదోవారం మళ్లీ దిగజారితే ఏం చేయాలో ముందే అనుకోవడం.

కాగితం మీద ఇంత తేలికగా ఉన్నది పెరట్లో అలా సాగదు. నేను చూసిన కార్యకర్త వెళ్లగానే పీట లాక్కుని కూర్చుని, "ఇటివ్వు కొమాద్రె" అంటూ ఆవిడ ముందున్న మొక్కజొన్న పొత్తులు తానూ ఒలవడం మొదలుపెట్టింది. చేతులు ఆడుతుంటే మాట వస్తుంది, పైగా ఎవరైనా తొంగిచూస్తే ఇద్దరు ఆడవాళ్లు గింజలు ఒలుస్తున్నారంతే. మొగుడు లోపలికొస్తే బీపీ మాట ఎత్తడం ముందే అనుకున్న ఏర్పాటు. హోంవర్కు కాగితం ఇంట్లో వదలదు, కొట్టే మొగుడికి దొరికితే ఆ ఐదు వారాలూ వృథా. తప్పిపోయినవాళ్ల పేర్లూ, ఎవరు డబ్బు గుంజుతున్నారో ఆ పేర్లూ రాసుకోదు. ఏ తనిఖీలో ఆ నోటుబుక్కు ఎవరి చేతికి పోతుందో తెలియదు. ముఠా వసూళ్లు రెండో వారం జాబితాలో "మన చేతిలో లేనివి" వైపే పడతాయి. అక్కడ ధైర్యవచనాలు చెప్పకుండా, ఈ వారం ఎవరింట్లో పడుకుంటే నిద్ర పడుతుందో అన్నదాన్నే పట్టుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా కోతల కాలంలో తొంభై నిమిషాలు ఎవరికీ ఉండవు. అప్పుడు తోట గట్టు మీద, భోజనం వేళ ముక్కలు ముక్కలుగా చేస్తారు.

మందుల ఎంపికలో కూడా రోడ్డుదే పెత్తనం. దారులు మూతపడే చోట డిప్రెషన్‌కిచ్చే ఫ్లూఒక్సెటీన్ 20 మిల్లీగ్రాములు మిగతావాటికన్నా నయం. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది కాబట్టి నాలుగైదు రోజులు అందకపోయినా ఇతర మాత్రల్లా వెంటనే తల తిరగడం, వణుకు రావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటివారం వికారం పుట్టించి మానేయాలనిపిస్తుంది. ఆ వారమే కార్యకర్త రెండుసార్లు వెళ్లాలి. ఆందోళన తగ్గించే క్లొనజెపామ్ వేరు సంగతి. అలవాటైనవాళ్లకు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ రావచ్చు. మూర్ఛ మందు అందకపోతే వచ్చే ముప్పు ఇంకా పెద్దది. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినపడే జబ్బు) ఉన్నవాళ్లకు నెలకొకసారి ఇచ్చే హెలోపెరిడాల్ డెకనోయేట్ సూదే నయం, దాన్ని చేసే మనిషి మాత్రం రాగలగాలి. సిగ్నల్ లేని పల్లెల్లో కొట్టులో ఫిచా కొనుక్కుంటారు, గంటసేపు వైఫై వచ్చే చీటీ. దాంతోనే హల్తెనాంగోలోని డాక్టరుకు వాయిస్ మెసేజ్ వెళ్తుంది.

సరిహద్దు వైపు చికోముసెలో, ఫ్రోంతెరా కొమలాపాల్లో 2021 నుంచి రెండు కార్టెళ్ల (మాదకద్రవ్యాల ముఠాల) పోరు. రోజుల తరబడి రోడ్లు మూసేయడం, కరెంటు పోవడం, బడులు మూతపడటం మామూలైంది. 2024 మే నెలలో చికోముసెలోలోని నువేవా మొరేలియాలో 11 మందిని చంపారు. జులైలో అమతెనాంగో దె లా ఫ్రోంతెరా నుంచి దాదాపు 600 మంది నడిచి సరిహద్దు దాటి గ్వాటెమాలాలోని కుయిల్కో వైపు చేరారు. 1980ల మొదట్లో గ్వాటెమాలా సైన్యం నుంచి తప్పించుకుని వేలమంది ఇదే సరిహద్దు దాటి చియాపాస్‌లోకి వచ్చారు. ఇప్పుడు ప్రవాహం తిరగబడింది. అటువైపు నేను వెళ్లలేదు, ఎవరూ పోనివ్వలేదు. పారిపోయినవాళ్ల సంచుల్లో గుర్తింపు పత్రాలు, పిల్లల బట్టలు ఉంటాయి, మాత్రల స్ట్రిప్పు మర్చిపోతారని హల్తెనాంగోలో నర్సులు చెప్పారు. అందుకే ఇప్పుడు మందు పేరు, మోతాదు రాసిన చీటీని జనన ధృవపత్రంతో పాటే ప్లాస్టిక్ కవరులో పెట్టమంటున్నారు.

క్లినిక్కులో మందు నెలకు సరిపడానే ఇస్తారు. దారి మూసుకుపోయే పల్లెలకు రెండు నెలలది ఇవ్వాలని కార్యకర్తలు అడుగుతున్నారు. ఎక్కువ మాత్రలు ఇంట్లో ఉంటే ఆత్మహత్యకు వాడుకుంటారన్న భయం డాక్టర్లది, అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. కార్యకర్తలు చెప్పే ఉపాయం, రెండో నెల స్ట్రిప్పులు ఊరి కార్యకర్త దగ్గరే తాళంపెట్టెలో ఉంచడం. పక్క ఊరి నుంచి వ్యాను రాకపోయినా ఆమె ఇల్లు నడిచే దూరంలోనే ఉంటుంది. నాకూ అదే సరైనదనిపించింది. పెద్ద ఖర్చేం కాదు, కావాల్సిందల్లా ఒక ఆర్డరు మీద సంతకం.